ఎం-6 స్క్రూకూ ఒక కోడ్ కావాలి: సింగరేణి డైరెక్టర్ (ఈ అండ్ ఎం) గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డైరెక్టర్ (ఎలక్ట్రికల్ అండ్ మెకానికల్) గారికి,
సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్, కొత్తగూడెం.

అయ్యా,

గోదావరిఖని బొగ్గు బాయిల్లో పనిచేసే ఏ ఎలక్ట్రీషియన్‌నైనా, లోపలి యంత్రాలకు కరెంటు ఇచ్చే గేట్ ఎండ్ బాక్స్ ముందు నిలబెట్టి, మూతకు ఒక్క బోల్టు తక్కువైతే ఏమవుతుందని అడిగితే ఆలోచించకుండా జవాబు చెప్తాడు. ఆ పెట్టె ఇక ఫ్లేమ్‌ప్రూఫ్ కాదు. లోపల నిప్పురవ్వ పుట్టి మీథేన్ అంటుకున్నా, ఆ మంట ఫ్లాంజి సందులోంచి బయటికి వచ్చేలోపే చల్లారిపోవాలి. అందుకు ఆ సందు అర మిల్లీమీటరు దాటకూడదు. దాన్ని అదుపులో పెట్టేది మూత చుట్టూ ఉన్న బోల్టులే. ఒకటి లేకున్నా, పొట్టిది వేసినా, మర అరిగినా ఆ పెట్టెకు కరెంటు ఇవ్వకూడదని కొత్తగా చేరిన అప్రెంటిస్‌కూ తెలుసు.

బాయి కప్పు సంగతీ అంతే. 1990లో పాల్ కమిటీ రూఫ్ బోల్టింగ్‌ను ప్రధాన సపోర్టుగా సిఫార్సు చేసిన తర్వాత కర్ర దిమ్మెల కాలం క్రమంగా వెనక్కి పోయింది. ఇవాళ సపోర్ట్‌మన్ పెట్టే ప్రతి బోల్టుకూ పొడవు, మందం, మధ్య దూరం, క్యాప్సూల్ రకం కాగితం మీద ఉంటాయి. యాంకరేజ్ టెస్టు చేస్తారు, రిజిస్టరులో రాస్తారు. బోల్టును ఇంత గౌరవంగా చూసే పరిశ్రమలు దేశంలో ఎక్కువ లేవు.

ఈ లేఖ ఆ గౌరవాన్ని ఇంకొక చిన్న వస్తువుకు అడుగుతోంది. నెట్‌వర్క్ ర్యాకులో స్విచ్‌నూ, ప్యాచ్ ప్యానెల్‌నూ, యూపీఎస్‌నూ పట్టి ఉంచే స్క్రూకు, దాని వెనక ఉండే కేజ్ నట్టుకు.

ముందే ఒక మాట. ఇది ఫలానా గనిలో ఫలానా తప్పు జరిగిందన్న ఫిర్యాదు కాదు. సర్కారు ఆఫీసైనా, ప్రైవేటు ఆసుపత్రైనా, కాలేజీ ల్యాబైనా, నెట్‌వర్క్ ర్యాక్ తలుపు తీస్తే కనిపించే దృశ్యం ఒకేలా ఉంటుంది. నాలుగు స్క్రూలు ఉండాల్సిన స్విచ్‌కు రెండే ఉంటాయి, అవీ ఎదురెదురు మూలల్లో. ఒకటి నల్లది, ఒకటి తెల్లది. యూపీఎస్ కింద చెక్క ముక్కో, మడిచిన అట్టపెట్టో పెట్టి ఉంటుంది. దేశమంతటా ఉన్న అలవాటే ఇది. అయితే బొగ్గు బెల్టులో ఆ అలవాటుకు పడే మూల్యం మాత్రం వేరు. బాయిలో మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ శాతాన్ని పైకి చెప్పే టెలిమానిటరింగ్, లారీ తూకం, మస్టరు, సీసీ కెమెరాలు, ఏరియా ఆసుపత్రి కంప్యూటర్లు, అన్నింటి దారులూ ఏదో ఒక గదిలోని ర్యాక్ గుండానే పోతాయి.

ర్యాక్ అంటే ఏమిటో, దానికి ఈ కొలతలు ఎక్కణ్ణుంచి వచ్చాయో కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే స్క్రూల గందరగోళమంతా అక్కడే మొదలైంది. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920 డిసెంబరు 23న ఆ పేరుతో నమోదైంది. దాదాపు అదే రోజుల్లో, 1920ల మొదట్లో, అమెరికాలో ఏటీ అండ్ టీ టెలిఫోన్ సంస్థ తన రిపీటర్ యంత్రాలను ఒకదానిమీద ఒకటి పేర్చడానికి 19 ఇంచీల వెడల్పు ఇనుప చట్రాన్ని ఖాయం చేసుకుంది. టెలిఫోన్లు మారాయి, రేడియోలు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి, చట్రం వెడల్పు మాత్రం కదలలేదు. ఇప్పటికీ ముందు ప్యానెల్ 482.6 మిల్లీమీటర్లే. ఎత్తును ‘యూ’లలో కొలుస్తారు, ఒక యూ 44.45 మిల్లీమీటర్లు. 42 యూల ర్యాక్ లోపలి ఎత్తు 1,867 మిల్లీమీటర్లు, అంటే ఆరడుగుల పైచిలుకు. అమెరికా వారి ఈఐఏ-310, అంతర్జాతీయ ఐఈసీ 60297, రెండూ ఈ కొలతలనే రాసుకున్నాయి.

కొలతలు ఒకటయ్యాయి గానీ మరలు ఒకటి కాలేదు. అమెరికా టెలిఫోన్ చట్రాల్లో 12-24 అనే ఇంచి మర ఉండేది. వేరే కొన్ని పరికరాల వారు 10-32 వాడుకున్నారు. యూరప్, దాన్ని అనుసరించిన మన దేశం ఎం-6 అనే మిల్లీమీటరు మరకు వచ్చాయి. ఇవాళ విదేశీ స్విచ్ కొంటే అట్టపెట్టెలో ఉన్న ప్లాస్టిక్ సంచిలో 10-32, 12-24 స్క్రూలు రావడం మామూలే. ర్యాక్ హైదరాబాద్‌లోనో పుణెలోనో తయారవుతుంది. దానికి ఎం-6 కేజ్ నట్లు వస్తాయి. బిగించేవాడికి రెండు సంచులూ ఒకేలా కనిపిస్తాయి.

చేతిలో పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఎం-6 స్క్రూ మందం 6 మిల్లీమీటర్లు, ఒక మరకూ తర్వాతి మరకూ దూరం సరిగ్గా 1 మిల్లీమీటరు. 12-24 మందం 5.49, మరల దూరం 1.06. ఈ రెండో దాన్ని ఎం-6 నట్టులోకి తిప్పితే హాయిగా లోపలికి పోతుంది. మరల కొసలు మాత్రమే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి బరువు పడ్డప్పుడు జారుతుంది. 10-32 ఇంకా సన్నం, 4.83 మిల్లీమీటర్లు. అది ఎం-6 నట్టులోంచి తిప్పకుండానే దూరిపోతుంది కాబట్టి కనీసం మోసం చెయ్యదు. మోసమంతా ఎం-5 దగ్గర ఉంది. ఎం-5 మరల దూరం 0.8, 10-32 మరల దూరం 0.794. ఎం-5 నట్టులో 10-32 స్క్రూ తొణక్కుండా తిరుగుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది, కానీ లోపల ఆడుతూనే ఉంటుంది.

కోల్‌బెల్టులో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. సింగరేణిలో 1889లో బొగ్గు తవ్వకం మొదలుపెట్టిన కంపెనీ బ్రిటిష్‌ది, ఆ రోజుల యంత్రాలవీ బ్రిటిష్ మరలే. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన ఇంచి కొలతల మర, బీఎస్‌డబ్ల్యూ పేరుతో ఇప్పటికీ మన హార్డ్‌వేర్ దుకాణాల్లో బతికే ఉంది. 1956 చట్టంతో దేశం మెట్రిక్ కొలతలకు మారింది గానీ దుకాణందారు నోరు మారలేదు. గోదావరిఖని లక్ష్మీనగర్‌లో బోల్టు కొనబోతే ఇవాళ కూడా సూత్‌లలోనే మాట్లాడతారు. ఇంచికి ఎనిమిది సూత్‌లు. రెండు సూత్‌ల బోల్టంటే పావు ఇంచి, 6.35 మిల్లీమీటర్లు. ఎం-6 అడిగినవాడికి ‘రెండు సూత్‌లది, అదే ఇది’ అని ఇచ్చే దుకాణాలకు కొదవలేదు. అది అదే కాదు. పావు ఇంచి బీఎస్‌డబ్ల్యూలో మరల దూరం 1.27 మిల్లీమీటర్లు. దాని నట్టులోకి ఎం-6 స్క్రూ తిప్పితే ఒకటి రెండు చుట్లు పోయి టక్కున ఆగుతుంది. తిప్పినవాడు బిగిసిందనుకుంటాడు. బిగిసింది మర మాత్రమే. స్విచ్ పక్కనుండే బిగింపు రేకు, అంటే దాని చెవి, ర్యాక్ పట్టాలకు ఇంకా ఆనలేదు. పానా పెట్టి ఇంకో అరచుట్టు లాగితే మర నలిగిపోతుంది, ఆ నట్టు ఇక దేనికీ పనికిరాదు.

ఇక కేజ్ నట్టు. ర్యాక్ ముందు పట్టాలకు 9.5 మిల్లీమీటర్ల చదరపు రంధ్రాలు ఉంటాయి. మర పట్టాల మీద ఉండదు, నట్టులో ఉంటుంది. మర చెడితే నట్టు ఒక్కటి మారిస్తే చాలు, ర్యాక్ చెడదు. చట్రం మీదే మర కోసిన పాత టెలిఫోన్ ర్యాకుల కంటే ఇది ఎంతో మేలు. అయితే ఆ నట్టు చుట్టూ ఉన్న స్ప్రింగు తొడుగుకు రెండు రెక్కలుంటాయి. అవి రంధ్రంలో కుడి ఎడమల వైపు పట్టుకోవాలి, పైకీ కిందికీ కాదు. వేళ్లతో నొక్కి పెట్టడం తేలిక కాదు, రెక్క జారి గోరు కింద గీరుకుపోతుంది. అందుకే తొందరలో ఉన్నవాడు ఎటు తేలిగ్గా ఎక్కితే అటు ఎక్కించేస్తాడు. నిలువుగా ఎక్కిన నట్టు స్క్రూ బిగించేటప్పుడు వెనక్కి ఊడి ర్యాక్ అడుగున పడుతుంది, లేదా పడకుండా పక్క యూపీఎస్ గాలి రంధ్రంలోకి వెళ్తుంది. అక్కడినుంచి అది ఎక్కడ ఆగుతుందో, ఏ రెండు తీగలను కలుపుతుందో అదృష్టం మీద ఉంటుంది. ఈ నట్టు ఎక్కించడానికి చిన్న కొక్కెం లాంటి రేకు పనిముట్టు ఒకటి దొరుకుతుంది. ర్యాక్ కొన్నప్పుడు దాన్నీ అడిగి తీసుకుంటే సరిపోతుంది.

రంధ్రాల లెక్కలో కూడా ఒక మెలిక ఉంది, దాన్ని నేర్పకుండానే చాలామందిని పనిలో పెడుతున్నారు. ఒక్కో యూకు మూడు రంధ్రాలు. వాటి మధ్య దూరాలు 15.9, 15.9, 12.7 మిల్లీమీటర్లు, మళ్లీ అదే వరస. దగ్గరదగ్గరగా ఉన్న ఆ రెండు రంధ్రాల నడుమ గీత గీస్తే అదే యూ సరిహద్దు. ఒక రంధ్రం పైకో కిందికో మొదలుపెడితే స్విచ్ చెవిలోని రెండో రంధ్రం దేనికీ ఎదురుగా రాదు. అప్పుడు చేసే పని అందరికీ తెలిసిందే: వచ్చినదానికి స్క్రూ వేసి, రానిదాన్ని వదిలేస్తారు. రెండు స్క్రూల స్విచ్‌లు పుట్టేది నిర్లక్ష్యం వల్లే కాదు, ఈ 12.7 తెలియకపోవడం వల్ల కూడా.

బరువు సంగతి ఒకసారి లెక్క వేస్తే మీ వర్క్‌షాపులోని ఏ మెకానికల్ ఫోర్‌మన్ అయినా తల ఊపుతాడు. రెండు యూల ఎత్తున్న ఒక యూపీఎస్ బరువు 30 కిలోలు, వెనక్కి లోతు అర మీటరు అనుకోండి. దాన్ని వెనక ఆసరా లేకుండా ముందు చెవులమీదే వేలాడదీస్తే, బరువు కేంద్రం పట్టాలకు 25 సెంటీమీటర్లు వెనక ఉంటుంది. పై స్క్రూకూ కింది స్క్రూకూ మధ్య దూరం 7.5 సెంటీమీటర్లు. 30 కిలోల్ని 25తో గుణించి 7.5తో భాగిస్తే 100 కిలోలు. ఆ లాగుడంతా పైనున్న రెండు స్క్రూల మీద పడుతుంది, ఒక్కోదాని మీద 50 కిలోలు. స్క్రూ తెగుతుందా అంటే తెగదు. తల మీద 4.8 అని ఉన్న సాధారణ ఎం-6 స్క్రూ కూడా 600 కిలోల దాకా సాగకుండా ఓర్చుకుంటుంది. వంగేది స్క్రూ కాదు, రెండు మిల్లీమీటర్ల రేకుతో చేసిన చెవి. వంగిన చెవి కింద స్క్రూ తల ఒక అంచు మీదే ఆనుతుంది. అక్కణ్ణుంచి వదులవడం మొదలవుతుంది.

కాబట్టి గట్టి స్క్రూ కొంటే సరిపోతుందనుకోవడం సగం నిజమే. 8.8 తరగతి స్క్రూ కొనడంలో తప్పులేదు. తల మీది మొదటి అంకె దాని బలాన్ని చెప్తుంది, 4 అంటే చదరపు మిల్లీమీటరుకు 400 న్యూటన్లు, 8 అంటే 800. కానీ కేజ్ నట్టు స్ప్రింగు రేకు 8.8 స్క్రూ తట్టుకునే బిగింపును తట్టుకోదు. బలం పెట్టాల్సింది వేరే చోట. పదిహేను ఇరవై కిలోలు దాటిన ఏ పరికరానికైనా కింద ఎల్ ఆకారం పట్టాలో, ముందూ వెనకా నాలుగు కాళ్లకూ బిగించిన షెల్ఫో ఉండాలి. బరువు వాటి మీద కూర్చోవాలి. ముందు స్క్రూల పని పరికరం ముందుకు జారకుండా పట్టుకోవడమే. యూపీఎస్, బ్యాటరీలు అన్నింటికంటే అడుగున ఉండాలి. పైన పెడితే తలుపు తీసి ఒక పరికరాన్ని ముందుకు లాగినప్పుడు ర్యాక్ మొత్తం ముందుకు ఒరుగుతుంది.

ఇక్కడ అందరూ ముందు అడిగేది బ్లాస్టింగ్ గురించే. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో పేల్చినప్పుడు కాలనీల్లో కిటికీ రెక్కలు గలగలమంటాయి కదా, ర్యాక్ స్క్రూలు వదులవ్వవా? గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ (డీజీఎంఎస్) 1997లో జారీ చేసిన సాంకేతిక సర్క్యులర్ పేలుడు కంపనానికి హద్దులు పెట్టింది. కంపెనీకి చెందని మామూలు ఇళ్ల దగ్గర, సెకనుకు 8 సార్ల కంటే తక్కువ ఊపు ఉంటే, నేల కదలిక వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. కంపెనీ సొంత పారిశ్రామిక భవనాలకు అదే ఊపు దగ్గర 15 దాకా, ఎక్కువ ఊపు దగ్గర 50 దాకా వెసులుబాటు ఉంది. ఈ హద్దులు గోడ పగలకుండా చూస్తాయి. గోడకు వేలాడే పెట్టెలో వదులుగా ఉన్న స్క్రూ గురించి అవి మాట్లాడవు.

అయినా బ్లాస్టింగ్ మీద నేరం మోపడం అంత న్యాయం కాదనే ఈ లేఖ అభిప్రాయం. రోజులో కొన్ని సెకన్ల కుదుపు సరిగా బిగించిన స్క్రూను ఏమీ చెయ్యలేదు. 1969లో జర్మనీకి చెందిన గెర్హార్డ్ యుంకర్ అనే ఇంజినీరు ఒక యంత్రం చేసి చూపించాడు: స్క్రూను వదులు చేసేది అడ్డంగా వచ్చే జారుడు. బిగించిన రెండు రేకులు ఒకదానిమీద ఒకటి అటూ ఇటూ జారుతుంటే మర తనంతట తానే వెనక్కి తిరుగుతుంది. జారుడు లేనంత బిగువుంటే తిరగదు. మనవాళ్లు ఎంతో నమ్మకంగా వేసే స్ప్రింగ్ వాషర్ ఆ జారుడును ఆపడంలో పెద్దగా సాయపడదు. ర్యాకులో జారుడు ఎందుకు వస్తుందంటే, వెనక ఆసరా లేని పరికరం తన ఫ్యాన్ల వణుకుకు రాత్రింబవళ్లు ఊగుతుంది కాబట్టి. కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటు (సీహెచ్‌పీ), కన్వేయర్ డ్రైవు, క్రషరు పక్కనున్న కంట్రోల్ రూముల్లో ఆ వణుకు ఇంకా ఎక్కువ. మందు మళ్లీ అదే: కింద షెల్ఫు, నాలుగు స్క్రూలు, చెవికీ స్క్రూ తలకూ మధ్య వెడల్పు వాషర్. అది ఉంటే బ్లాస్టింగ్ వచ్చిపోయినా తెలియదు.

దుమ్ము గురించి మీకు చెప్పడం అధిక ప్రసంగం. ఒక్క సంగతి మాత్రం. బొగ్గు పొడి తేమను పట్టి ఉంచుతుంది. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే రామగుండంలో వాన పడ్డ మొదటి వారం గోడలు, ఇనుము అన్నీ చెమరుస్తాయి. జింకు పూత పలచగా ఉన్న చవక స్క్రూ తల మీద ప్లస్ గాడిలో పొడి చేరి, తుప్పు పట్టి, రెండేళ్ల తర్వాత స్క్రూ డ్రైవర్ పెడితే గాడి గుండ్రమైపోతుంది. ఆ స్క్రూను డ్రిల్లుతో తీయాల్సి వస్తే, ఇనుప రజను కింద నడుస్తున్న స్విచ్ మీద రాలుతుంది. సీహెచ్‌పీ, సైడింగు, వేబ్రిడ్జి గదుల్లో ఏ2 రకం స్టెయిన్‌లెస్ స్క్రూలూ వాటికి జతగా స్టెయిన్‌లెస్ కేజ్ నట్లూ వాడితే ఈ బాధ ఉండదు. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ బిగిస్తే ఒక్కోసారి పట్టేసుకుంటుంది, అందుకని మరకు కాస్త గ్రీజు రాయాలి. జనరల్ ఆఫీసు లాంటి చోట్ల ఏసీ గదుల్లో జింకు పూతే చాలు, అంత ఖర్చు అనవసరం.

ఎర్తింగుదీ మర సంగతే. ర్యాకుకు వేసిన రంగు కరెంటును ఆపే పొర. ఆకుపచ్చ పసుపు వైరు కొసన ఉన్న లగ్గును ఆ రంగు మీదే బిగిస్తే ఎర్త్ ఉన్నట్టు కనిపిస్తుంది, ఉండదు. పళ్ల వాషర్ ఒకటి వేస్తే దాని పళ్లు రంగును చీల్చుకుని ఇనుమును పట్టుకుంటాయి. పిడుగుల సీజన్లో బయటి నుంచి వచ్చే కేబుళ్లున్న చోట ఈ చిన్న రేకు చేసే పనికి లెక్క కట్టలేం.

గోడ ర్యాకుల దగ్గర మాత్రం కొంచెం నిలబడాలి, ఎందుకంటే రామగుండంలో గోడలన్నీ ఒక తీరుగా ఉండవు. పాత క్వార్టర్లవి, పాత ఆఫీసులవి మట్టి ఇటుక గోడలు. చాలాచోట్ల సున్నం గార పెచ్చులూడే దశలో ఉంటుంది. కొత్త గదులు చాలావరకు థర్మల్ బూడిద ఇటుకలతో లేచినవి. ఎన్టీపీసీ పక్కనే ఉన్న ఊళ్లో బూడిద ఇటుకకు కరువేముంది? కొన్ని గదులు తేలికపాటి బోలు బ్లాకులవి. తొమ్మిది యూల గోడ ర్యాకులో రెండు స్విచ్‌లు, ఒక రికార్డరు, చిన్న యూపీఎస్ పెడితే బరువు తేలిగ్గా 40 కిలోలు చేరుతుంది, అదీ గోడకు ఒకటిన్నర అడుగు దూరానికి ముందుకు వేలాడుతూ. దానికి ప్లాస్టిక్ గిట్టిలు కొట్టి చెక్క స్క్రూలు బిగించేవాళ్లు ఉన్నారు. మట్టి ఇటుకలో ఇనుప యాంకర్ ఫాస్ట్‌నర్ బిగిస్తే అది విచ్చుకున్నప్పుడు ఇటుకే పగలొచ్చు. బోలు బ్లాకులో పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

దీనికి జవాబు సింగరేణి స్టోర్స్‌లోనే ఉంది, కనీసం ఆ విద్య ఉంది. రూఫ్ బోల్టుకు వాడే రెసిన్ క్యాప్సూల్ ఎలా పనిచేస్తుందో సపోర్ట్‌మన్‌కు తెలుసు: రంధ్రంలో రెండు పదార్థాలు కలిసి గట్టిపడి, ఇనుప కడ్డీని రాయితో పొడవునా అంటిస్తాయి. భవనాల్లో వాడే కెమికల్ యాంకర్‌ది అదే సూత్రం. బోలు బ్లాకులకు దానితోపాటు ఒక జల్లెడ గొట్టం వాడతారు, రెసిన్ లోపలి ఖాళీలోకి కారిపోకుండా. రెండింటిలోనూ ప్రాణమంతా ఒక్క పనిలో ఉంది: రంధ్రంలోని పొడిని ఊది శుభ్రం చెయ్యడం. పొడి ఉంటే రెసిన్ పొడిని పట్టుకుంటుంది, గోడను కాదు. నెట్‌వర్క్ కాంట్రాక్టరు కుర్రాడికి ఈ మాట ఎవరూ చెప్పి ఉండరు. బాయిలో ఇరవై ఏళ్లు బోల్టు కొట్టిన మనిషి చెప్పగలడు.

అందుకే ఈ లేఖ అడుగుతున్నది కొత్త యంత్రమూ కాదు, కొత్త విభాగమూ కాదు. ర్యాకులకూ స్విచ్‌లకూ టెండర్ పిలిచేటప్పుడు పరికరం వివరాలు పేజీల కొద్దీ ఉంటాయి. పోర్టులెన్ని, వేగమెంత, వారంటీ ఎన్నేళ్లు. బిగింపు సామాను దగ్గరికి వచ్చేసరికి ‘అవసరమైన యాక్సెసరీలతో సహా’ అన్న ఒక్క ముక్కతో వదిలేయడం దేశమంతటా రివాజు. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టు ఉంటుంది ఆ వ్యవహారం. ఆ ఒక్క ముక్క బదులు నాలుగు వాక్యాలు రాయాలి. చదరపు రంధ్రాల పట్టాలు, నాలుగు కాళ్ల ర్యాక్. ఎం-6 మర, 1 మిల్లీమీటరు మరల దూరం, 16 లేదా 20 మిల్లీమీటర్ల పొడవు, ఐఎస్ 1367 ప్రకారం. ప్రతి యూకు నాలుగు చొప్పున కేజ్ నట్లు, స్క్రూలు, వాషర్లు, ఎక్కించే పనిముట్టుతో సహా. బరువైన ప్రతి పరికరానికీ దాని లోతుకు సరిపడే పట్టాలు లేదా షెల్ఫు.

పొడవు ఎందుకు రాయాలంటే, చెవి రేకు, పట్టాల రేకు, నట్టు మందం అన్నీ దాటి రెండు మూడు మరలు బయటికి రావాలి. అంతకంటే పొడవైతే వెనక తీగలను గీరుతుంది. అంతకంటే పొట్టిదైతే రెండు మరల మీదే బతుకుతుంది.

రెండో కోరిక స్టోర్స్ గురించి. కోడ్ లేని వస్తువు స్టోర్స్‌లో లేనట్టే లెక్క. ఎం-6 కేజ్ నట్టు, స్క్రూ, వాషర్ కలిపిన సంచికి ఒక మెటీరియల్ కోడ్ ఇస్తే, రామగుండం మూడు ఏరియాల్లోనూ (ఆర్జీ-1, ఆర్జీ-2, ఆర్జీ-3) ఎవరికి కావాలన్నా ఇండెంట్ పెట్టి తీసుకోవచ్చు. ఇప్పుడైతే రాత్రి షిఫ్టులో స్విచ్ మార్చాల్సి వచ్చినవాడు చేసేది ఒక్కటే: పక్క స్విచ్ నాలుగు స్క్రూల్లోంచి రెండు తీసి దీనికి బిగించడం. స్క్రూ కొనడానికి పొద్దున లక్ష్మీనగర్ తెరిచేదాకా ఎవరు ఆగుతారు? ఆ సంచి ఖరీదు కొన్ని పదుల రూపాయలు. విదేశీ స్విచ్ డబ్బాల్లో వచ్చే 10-32, 12-24 స్క్రూలను ఆ సంచితో కలవనివ్వకుండా విడిగా, రంగు చీటీ వేసి, వేరే డబ్బాలో పెట్టించాలి. పారేయమని కాదు, మర కోసిన పాత ర్యాక్ ఎక్కడైనా ఉంటే దానికి అవే కావాలి.

మూడోది పని అప్పగించుకునే రోజు. కాంట్రాక్టరు ర్యాక్ బిగించి, లైట్లు వెలిగించి చూపించగానే సంతకం పెట్టేయడం తేలిక. లైట్లు వెలగడానికి స్క్రూలు అక్కర్లేదు కదా! సంతకం పెట్టేముందు మీ ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ ఒకరు ప్రతి చెవినీ చేత్తో పట్టుకుని కిందికి నొక్కి చూడాలి. వెనక పక్క టార్చి వేసి నట్ల రెక్కలు అడ్డంగా ఉన్నాయో నిలువుగా ఉన్నాయో చూడాలి. ఎర్త్ లగ్గు దగ్గర మల్టీమీటరు పెట్టాలి. గేట్ ఎండ్ బాక్స్ మూత బోల్టులు లెక్కపెట్టే కన్ను అతనికి ఇప్పటికే ఉంది. ఆ పని ర్యాకుకు కూడా తనదేనని ఎవరో ఒకరు కాగితం మీద రాసివ్వాలి, అంతే. ఐటీ వాళ్లది ఐటీ, ఈ అండ్ ఎం వాళ్లది ఈ అండ్ ఎం అన్న గీత మీద ఈ స్క్రూ ఇన్నాళ్లూ ఎవరిదీ కాకుండా పోయింది, ఏ సంస్థలోనైనా.

ఇంత చిన్న విషయానికి డైరెక్టరు స్థాయి ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. టెండర్ నిబంధన మార్చాలంటే, స్టోర్స్ కోడ్ పుట్టాలంటే, రెండు విభాగాల నడుమ పని ఒకరికి అప్పగించాలంటే అది ఏరియా స్థాయిలో తేలే వ్యవహారం కాదు. ఆడ్రియాల లాంగ్‌వాల్‌లో షీల్డు కాళ్ల దగ్గర ఒక పిన్ను మారిస్తే దానికి డ్రాయింగ్ నంబరు ఉంటుంది. మీ విభాగానికి నంబరు ఇవ్వడం కొత్త కాదు.

చివరిగా ఒక కాగితం. ప్రతి ర్యాక్ తలుపు లోపలి వైపు అంటించడానికి అరపేజీ తెలుగు చీటీ అచ్చు వేయించండి. మరల దూరం, రెండు దగ్గర రంధ్రాల బొమ్మ, నట్టు రెక్కలు ఎటు ఉండాలో చూపే బొమ్మ, బరువైనవి అడుగున అన్న మాట, స్క్రూ సంచి కోడ్, ఇండెంట్ ఎవరికి పెట్టాలో వారి హోదా. ఇంగ్లిష్‌లో మాన్యువల్ ఎలాగూ పెట్టెతో వస్తుంది, ఆ పెట్టెతోనే పోతుంది. ఈ చీటీ తయారుచేసేటప్పుడు ఆర్జీ-1, ఆర్జీ-2, ఆర్జీ-3 ఏరియాల నుంచి ఒక్కో ఫిట్టర్‌ను, ఒక్కో సపోర్ట్‌మన్‌ను కూర్చోబెట్టి వాళ్ల మాటల్లోనే రాయించగలరని మనవి.

ఇట్లు,
గోదావరిఖని కోల్‌బెల్ట్ నుంచి ఒక పాఠకుడు